135.2 మీటర్లు: హిమాలయాల 2035 తప్పు, దాని చుట్టూ ఉన్న మనుషులు

మా దగ్గర పీహెచ్‌డీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారంలోనే ఒక పట్టిక ఇస్తాను. అందులో ఒక్క వరుస చూడమంటాను. పిండారి హిమానీనదం, 1845 నుంచి 1966 వరకు, వెనక్కి తగ్గిన దూరం 2,840 మీటర్లు, ఏడాదికి సగటు 135.2 మీటర్లు. ఇందులో మీకేమైనా తేడాగా అనిపిస్తోందా అని అడుగుతాను.

పిండారి ఎక్కడుందని కొందరు అడుగుతారు. ఉత్తరాఖండ్‌లో అని చెబుతాను. "135 అంటే చాలా ఎక్కువ కదా మేడమ్, పరిస్థితి అంత ఘోరంగా ఉందన్నమాట" అంటారు ఇంకొందరు. ఫోన్ తీసి లెక్క చేసేది ఏ ఒకరో ఇద్దరో. 1845 నుంచి 1966 అంటే 121 ఏళ్ళు. 2,840ని 121తో భాగిస్తే 23.5 వస్తుంది. 135.2 రావాలంటే 21తో భాగించాలి. 121లో మొదటి ఒకటి ఎక్కడో జారిపోయింది.

ఆ పట్టిక ఎక్కడిదో అప్పుడు చెబుతాను. వాతావరణ మార్పు మీద పరిశోధనలను సమీక్షించే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ. 2007లో వచ్చిన దాని నాలుగో నివేదికలో, ప్రభావాలను చూసే రెండో వర్కింగ్ గ్రూపు సంపుటంలో, ఆసియా గురించిన పదో అధ్యాయంలోది. నోబెల్ శాంతి బహుమతిని ఐపీసీసీ అదే ఏడాది ఆల్ గోర్‌తో కలిసి అందుకుంది. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

ఉపగ్రహ చిత్రాల మీద హిమానీనదాల హద్దులు గీసి, అవి ఎంత తగ్గాయో లెక్కగట్టడం నా పని. ఇరవై ఏళ్ళుగా ఇదే చేస్తున్నాను. వాతావరణ మార్పు నిజమా కాదా అన్న వాదనలు చాలా విన్నాను, కొన్నింటిలో నేనూ గొంతు పెంచాను. వాటన్నిటిలో నాకు ఎక్కువ నేర్పింది ఈ 2035 కేసే. హిమాలయాల్లోని హిమానీనదాలు 2035కల్లా మాయమవుతాయని అదే ఐపీసీసీ నివేదికలో అచ్చయిన తప్పు అది. దీన్ని "ఐపీసీసీ అబద్ధాలు" అని చెప్పుకునేవాళ్ళున్నారు, "చిన్న అచ్చుతప్పు" అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండూ కావు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆ వాక్యం

పదో అధ్యాయంలోని ఒక పేరా చెప్పింది ఇది. హిమాలయాల్లోని హిమానీనదాలు ప్రపంచంలో మరెక్కడా లేనంత వేగంగా తగ్గిపోతున్నాయి, ఇదే వేగం కొనసాగితే 2035కల్లా, బహుశా అంతకుముందే, మాయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. వాటి మొత్తం విస్తీర్ణం ఇప్పుడున్న 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి 2035 నాటికి లక్షకు తగ్గుతుంది. ఆధారంగా చూపించింది డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ 2005లో వేసిన ఒక నివేదికను.

మాయమైపోయేటట్టయితే లక్ష చదరపు కిలోమీటర్లు మిగలడం ఏమిటి? ఒకే చోట రెండు మాటలు ఒకదాన్నొకటి కాదంటున్నాయి.

ఇంకొకటి. అదే విభాగంలో కొద్దిగా పైన, హిమాలయ హిమానీనదాలు దాదాపు 30 లక్షల హెక్టార్లలో ఉన్నాయని రాసి ఉంది. 30 లక్షల హెక్టార్లంటే 30 వేల చదరపు కిలోమీటర్లు. కింద 5 లక్షలంటున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 2 లక్షల 75 వేల చదరపు కిలోమీటర్లు. దానికి దాదాపు రెండింతల నేల మీద మంచు ఉందని ఒక పేరా చెబుతోంది. పాత అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలు కలిపినంత కూడా లేదని ఇంకో పేరా చెబుతోంది. రెండూ ఒకే విభాగంలో ఉన్నాయి.

గంగోత్రి హిమానీనదం పొడవు దాదాపు 30 కిలోమీటర్లు. దాని కొస గోముఖ్ దగ్గర ఉంది. అది ఏడాదికి దాదాపు 20 మీటర్ల చొప్పున వెనక్కి జరుగుతోందని మాలో అందరికీ తెలుసు. 2007 నుంచి 2035 దాకా 28 ఏళ్ళు. ఆలోగా అంతా పోవాలంటే ఏడాదికి కిలోమీటరుకు పైగా తగ్గాలి. ఈ లెక్కకు కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం మీద చెయ్యొచ్చు.

నేను చెయ్యలేదు. ఇంకా చెప్పాలంటే, 2008లో ఒక ప్రాజెక్టు ప్రపోజల్ మొదటి పేరాలోనే 2035 అని నేనే రాశాను. ఐపీసీసీ పేరు చెబితే కమిటీలో ఎవరూ ఎదురడగరు. పని ఎంత అర్జెంటో ఒక్క ముక్కలో చెప్పే అంకె దొరికింది, పెట్టేశాను. ఆ ప్రాజెక్టు మంజూరైంది కూడా.

ఎక్కడినుంచి వచ్చింది

ఈ వాక్యం వెనక్కి వెళ్ళి మూలం వెతికినవాళ్ళలో ముందు చెప్పాల్సింది కెనడాలోని ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ కాగ్లీ గురించి. ఆయనా, మరో ముగ్గురూ కలిసి 2010 జనవరిలో సైన్స్ పత్రికలో ఒక ఉత్తరం రాశారు. ఆ దారి ఇలా ఉంది.

1996లో రష్యా శాస్త్రవేత్త కోట్ల్యకోవ్ యునెస్కో కోసం ఒక నివేదికకు సంపాదకత్వం వహించారు. ధ్రువ ప్రాంతాలు కాక మిగిలిన ప్రపంచం మొత్తంలోని హిమానీనదాల విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గవచ్చని అందులో ఉంది. ఎప్పటికి? 2350కి. ఒక్క హిమాలయాల సంగతి కాదు, 2035 అంతకన్నా కాదు.

1999లో మన దేశపు హిమానీనద శాస్త్రవేత్త ఒకరు చెప్పారంటూ, అప్పటికి ఏ శాస్త్రీయ పత్రికలోనూ రాని 2035 అంచనా న్యూ సైంటిస్ట్ అనే బ్రిటన్ వారపత్రికలో వచ్చింది. ఢిల్లీ నుంచి వెలువడే డౌన్ టు ఎర్త్ పత్రికలో ఆ ఏడాదే వచ్చిన వాక్యం, తర్వాత ఐపీసీసీలో కనిపించిన వాక్యం దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 2005 నివేదిక 2035ను న్యూ సైంటిస్ట్ నుంచి తీసుకుంది. ఐపీసీసీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌ను చూపించింది. ఇంత దారిలో ఒక్క మెట్టు మీద కూడా పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని ఇతర శాస్త్రవేత్తలు అచ్చుకు ముందు చేసే పరిశీలన, లేదు.

ఇలాంటి సాహిత్యాన్ని వాడకూడదని ఐపీసీసీ నియమం లేదు. ప్రభుత్వ నివేదికలూ, సంస్థల నివేదికలూ వాడొచ్చు. కాకపోతే వాటి నాణ్యతను అధ్యాయం రాసేవాళ్ళే విడిగా పరిశీలించాలి. అది జరగలేదు.

అడిగినవాళ్ళు ఉన్నారు

ఈ కేసులో నేను పిల్లల చేత ఎక్కువసేపు చదివించే భాగం ఇదే. డ్రాఫ్టు మీద రివ్యూయర్ల వ్యాఖ్యలు, వాటికి రచయితల జవాబులు ఐపీసీసీ బయటపెడుతుంది. అవి ఎవరైనా చదవొచ్చు.

ఇది చాలా ముఖ్యమైన వాక్యంలా ఉంది, దీని మీద ఎంత నమ్మకం ఉందో చెప్పండి అని జపాన్ ప్రభుత్వం అడిగింది. పూర్తిగా మాయమవుతాయంటూనే లక్ష చదరపు కిలోమీటర్లు మిగులుతాయని ఎలా అంటారని ఒక రివ్యూయర్ ఎత్తిచూపారు. కారకోరంలో కొన్ని హిమానీనదాలు పెరుగుతున్నాయని చూపిన పరిశోధన ఉంది కదా, దాన్నీ చెప్పండి అని మరొకరు రాశారు. ఆ చివరి దానికి వచ్చిన జవాబు చదివితే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. సూచించిన వ్యాసాలు దొరకలేదు, తుది ప్రతిలో పరిశీలిస్తాం అని. తుది ప్రతిలో వాక్యం అలాగే ఉంది.

ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రుక్‌కు చెందిన గేయార్గ్ కాజర్ కూడా, తాను 2006లోనే ఇది తప్పని చెప్పానన్నారు. ఆయన మొదటి వర్కింగ్ గ్రూపులో రచయిత. భౌతిక శాస్త్రం చూసే ఆ గ్రూపు సంపుటంలో మంచు మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది, అందులో 2035 లేదు. ఒకే సంస్థ, ఒకే ఏడాది. మంచు తెలిసినవాళ్ళు ఒక సంపుటం రాస్తున్నారు, మంచు గురించిన అతి పెద్ద వాక్యం ఇంకో సంపుటంలో అచ్చవుతోంది. ఇద్దరి మధ్య మాట అందలేదు.

ఆ రచయితల మీద రాయి వెయ్యడానికి నాకు చెయ్యి రాదు. ఐపీసీసీ అధ్యాయాలు రాసేవాళ్ళకు జీతం ఉండదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం మీటింగులు, ఇవన్నీ అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని రాస్తారు. నాలుగో నివేదిక మొత్తానికి వచ్చిన వ్యాఖ్యలు దాదాపు 90 వేలు. గడువు దగ్గర పడుతుంటే ఎక్సెల్ షీటులో వందల వరుసలు ఖాళీగా కనిపిస్తుంటాయి. అప్పుడు "పరిశీలిస్తాం" అని రాసి కింది వరుసకు వెళ్ళడం ఎంత సులువో నాకు తెలుసు. నేనూ అలా రాసినదాన్నే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

2009 శీతాకాలం

2009 నవంబరులో కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఒక చర్చాపత్రం విడుదల చేశారు. రాసింది జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పనిచేసి రిటైరైన వి.కె. రైనా. దశాబ్దాల పాటు హిమానీనదాల మీద నడిచిన మనిషి. హిమాలయాల్లో అసాధారణమైన తగ్గుదల కనబడటం లేదని, ఉన్న తగ్గుదలను భూతాపానికి ముడిపెట్టడం ఇప్పుడే తొందరపాటు అవుతుందని ఆయన రాశారు.

ఐపీసీసీ అధ్యక్షుడు ఆర్.కె. పచౌరీ దాన్ని వూడూ సైన్స్ అన్నారు. అంటే చేతబడి శాస్త్రం.

ఆ మాట ఏ వాతావరణంలో వచ్చిందో కూడా చూడాలి. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాతావరణ పరిశోధన విభాగం నుంచి వెయ్యికి పైగా ఈమెయిళ్ళు దొంగిలించి నెట్‌లో పెట్టారు. అంతకుముందు జూలైలో ఆ చిన్న విభాగం మీద కొద్ది రోజుల్లోనే దాదాపు 60 సమాచార హక్కు అర్జీలు వచ్చిపడ్డాయి. దాని డైరెక్టర్ ఫిల్ జోన్స్ డిసెంబరులో పదవి నుంచి పక్కకు తప్పుకున్నారు. 2010లో జరిగిన విచారణలు అక్కడి శాస్త్రవేత్తలు డేటాను తారుమారు చెయ్యలేదని తేల్చాయి. వాటిలో మ్యూర్ రసెల్ విచారణ ఇంకో మాట కూడా అంది: ఉండాల్సినంత పారదర్శకత లేదు, అది ఒకసారి కాదు, పదే పదే జరిగింది. కోపెన్‌హాగెన్ వాతావరణ శిఖరాగ్ర సమావేశం 2009 డిసెంబరులోనే. చుట్టూ మంటలుంటే తలుపు కొట్టిన ప్రతివాడూ శత్రువులాగే కనిపిస్తాడు.

కానీ రైనా తలుపు కొట్టింది అంకెలతో. వాటిని అంకెలతోనే ఎదుర్కోవాల్సింది. 2035 మీద ఆయన వైపే న్యాయం ఉంది. 2010 జనవరి 20న ఐపీసీసీయే ఒక ప్రకటన ఇచ్చింది. ఆ పేరాలోని అంచనాలకు సరైన ఆధారం లేదని, తమ ప్రమాణాలను అక్కడ సరిగ్గా పాటించలేదని ఒప్పుకుంది.

అలాగని రైనా చెప్పినవన్నీ సరైనవని కాదు. ఆ పత్రంలో ఎక్కువ భాగం హిమానీనదపు మూతి, అంటే దాని కింది కొస, ఎంత వెనక్కి జరిగిందన్న కొలత మీద నిలబడింది. మూతి ఆలస్యంగా కదులుతుంది. పైన పదుల ఏళ్ళ కిందట పడిన మంచు ప్రభావం ఇవాళ కింద కనబడుతుంది. మూతి మీద రాళ్ళూ మట్టీ కప్పుకుని ఉంటే అది అక్కడే ఉన్నట్టు కనిపిస్తూ లోపల సన్నబడిపోతుంది. అసలు ఆరోగ్యం తెలియాలంటే ఏటా ఎంత మంచు చేరింది, ఎంత కరిగింది అని తూకం వెయ్యాలి. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటాం. దానికి మంచులోకి వెదురు కర్రలు దింపి, ప్రతి ఏడాదీ మళ్ళీ అదే చోటికి ఎక్కి, ఎంత కర్ర బయటపడిందో కొలవాలి. హిమాచల్‌లోని ఛోటా శిగ్రిలో 2002 నుంచి అలా కొలుస్తున్నారు. అప్పటికి మన దగ్గర అంత వరుసగా కొలిచిన హిమానీనదాలు చాలా తక్కువ. అంటే 2009లో నిజాయితీగా చెప్పగలిగిన మాట ఒక్కటే. తగ్గుతున్నాయి, ఎంత వేగంగానో చెప్పడానికి కొలతలు చాలవు. అటు పక్క ఆ మాట చెప్పలేదు, ఇటు పక్కా చెప్పలేదు.

ఆ కొలతలు ఎందుకు లేవన్నది కూడా ఈ కేసులో భాగమే అంటాను. నాలుగు వేల మీటర్ల ఎత్తులో అయిదేళ్ళు కర్రలు కొలిస్తే ఒక పేపర్ వస్తుంది. అదే కాలంలో ఏసీ గదిలో ఉపగ్రహ చిత్రాలతో నాలుగైదు పేపర్లు రాయొచ్చు. ప్రమోషన్‌కు పాయింట్లు లెక్కపెట్టేవాళ్ళు పేపర్లు చూస్తారు, కర్రలు చూడరు. ప్రాజెక్టు మూడేళ్ళకు ఇస్తారు, హిమానీనదానికి ముప్ఫై ఏళ్ళు కావాలి. నేను గదిలో పని ఎంచుకున్నదాన్ని కాబట్టి ఇది ఇంకొకరి మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు.

తర్వాత తేలింది

2010 మార్చిలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి, ఐపీసీసీ కలిసి అడిగితే, వివిధ దేశాల సైన్స్ అకాడమీల మండలి ఐపీసీసీ పని తీరును సమీక్షించింది. ఆగస్టు 30న నివేదిక ఇచ్చింది. రివ్యూ ఎడిటర్లు రచయితల చేత ప్రతి ముఖ్యమైన వ్యాఖ్యకూ జవాబు చెప్పించాలని, పీర్ రివ్యూ కాని ఆధారాన్ని స్పష్టంగా గుర్తుపట్టేలా చూపాలని సూచించింది. తప్పు బయటపడితే ఎలా దిద్దాలో 2011లో ఐపీసీసీ ఒక పద్ధతి రాసుకుంది. అంతకుముందు అలాంటి పద్ధతే లేదు.

మంచు సంగతి చూస్తే, 2019లో అమెరికా పాత గూఢచారి ఉపగ్రహాల చిత్రాలతో హిమాలయాల పొడవునా దాదాపు 650 హిమానీనదాలను కొలిచారు. 1975-2000తో పోలిస్తే 2000-2016లో మంచు కరిగిపోయే వేగం రెట్టింపైంది. భూతాపాన్ని 1.5 డిగ్రీల దగ్గర ఆపినా ఈ శతాబ్దం చివరికి హిందూకుష్ హిమాలయాల్లో మూడో వంతు మంచు పోతుందని ఖాట్మండూలోని ఇసిమోడ్ అనే పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ అదే ఏడాది చెప్పింది. 2035 తప్పు, కరగడం నిజం. 2010లో ఈ రెండిటినీ ఒకే నోటితో అనడం కష్టమైపోయింది. ఒకటి ఒప్పుకుంటే రెండోది కూడా కాదన్నట్టు అందరూ వినేవాళ్ళు.

మా ఊరివాళ్ళు గోదావరి కూడా ఎండిపోతుందా అని అప్పట్లో నన్ను అడిగారు. గోదావరికీ కృష్ణకూ మంచు కొండల నీళ్ళు రావు, అవి వానల మీద బతికే నదులు. గంగలో కూడా దిగువన పారే నీళ్ళలో ఎక్కువ భాగం రుతుపవనాలదే. సింధు సంగతి వేరు, అక్కడ మంచు వాటా చాలా పెద్దది. ఈ తేడాలు చెప్పే అవకాశాన్ని 2035 అనే అంకె మింగేసింది.

మా పేపర్

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ కిందట నేనూ, మా రిసెర్చ్ స్కాలరూ కలిసి ఒక లోయలో హిమానీనదాల విస్తీర్ణం యాభై ఏళ్ళలో ఎంత తగ్గిందో రాశాం. పాత హద్దులు 1960ల టోపోషీట్ల (సర్వే మ్యాపుల) నుంచి తీసుకున్నాం, కొత్తవి ఉపగ్రహ చిత్రాల నుంచి. ఒక రివ్యూయర్ ఒక్క ప్రశ్న అడిగారు: టోపోషీట్‌కు ఆధారమైన ఏరియల్ ఫొటోలు ఏ నెలలో తీసినవి?

మా స్కాలర్ ఫెలోషిప్ అయిపోవచ్చింది. పేపర్ అచ్చయితే తప్ప థీసిస్ సమర్పించనివ్వని రోజులవి. ఇంట్లో పెళ్ళి టెన్షన్ ఒకటి. నాకు ప్రాజెక్టు తుది రిపోర్టు గడువు. ఇవి ప్రామాణికమైన మ్యాపులు, చాలామంది వాడారు అని జవాబు నేనే రాశాను. పేపర్ వచ్చింది.

రెండేళ్ళ తర్వాత అదే లోయకు 1960ల నాటి కరోనా గూఢచారి ఉపగ్రహ చిత్రం దొరికింది. పక్కపక్కన పెట్టి చూస్తే నా గుండె జారింది. టోపోషీట్‌లో హిమానీనదమని గీసిన చోట చాలావరకు ఆ సీజన్‌లో పడి ఉన్న మామూలు మంచు. వేసవి చివర్లో కరిగిపోయేది. పాత హద్దు ఎక్కువ గీశారు కాబట్టి, మేం చెప్పిన తగ్గుదలలో కొంత మంచుది కాదు, మ్యాపుది. ఈ ఇబ్బంది గురించి అంతకుముందే ఇతరులు రాసి ఉన్నారు. రివ్యూయర్‌కు అది తెలుసు. అందుకే నెల అడిగారు.

సవరణ పంపుతానని మా సీనియర్ ఒకరికి చెప్పాను. నా మంచి కోరే మనిషే. "ఇప్పుడు తప్పయిందని రాస్తే వాళ్ళ చేతికి కర్ర మనమే ఇచ్చినట్టమ్మా. ఆరు నెలలాగు, కొత్త పేపర్లో సరైన అంకె వేసెయ్. పాతది ఎవరు చూస్తారు?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2035 వాక్యం అన్నేళ్ళు నిలబడటానికి ఇలాంటి మాటలు ఎన్నిచోట్ల ఎంతమంది అనుకుని ఉంటారో అనిపించింది. స్కాలర్‌కు ఫోన్ చేశాను. అప్పటికి అతనికి ఉద్యోగం వచ్చింది. కాసేపు మాట్లాడలేదు. "మేడమ్, ముందు మీరు నా పేరు తీసెయ్యమనరు కదా?" అన్నాడు. లేదన్నాను. ఇద్దరి పేర్లతోనే సవరణ పంపాం. తగ్గుదల అలాగే ఉంది, అంకె చిన్నదైంది.

సీనియర్ చెప్పినట్టే జరిగింది. భూతాపం అంతా కట్టుకథ అని నమ్మే ఒకాయన మా సవరణను పట్టుకుని నాకు ఈమెయిల్ రాశారు. ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. పాత అంకె, కొత్త అంకె, రెండు చిత్రాలు, మేం హద్దు గీసిన ఫైళ్ళు అన్నీ ఆయనకు పంపాను. వారం తర్వాత జవాబు వచ్చింది. సగం కోపంగానే ఉంది. చివర్లో మాత్రం ఒక ప్రశ్న: "మూతి దగ్గర రాళ్ళు కప్పుకున్న భాగాన్ని చిత్రంలో చూసి ఇది మంచు, ఇది ఉత్త నేల అని మీరెలా తేల్చారు? ఇద్దరు వేర్వేరుగా గీస్తే ఒకే గీత వస్తుందా?"

మేం ఎప్పుడూ అలా గీసి చూడలేదు. ఆ నెలలోనే ముగ్గురు విద్యార్థులకు ఒకే చిత్రం ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా గీయమన్నాను. మూడు గీతలూ పైన మంచు తెల్లగా ఉన్నంత వరకు కలిసే ఉన్నాయి. రాళ్ళ దగ్గర విడిపోయాయి. ఆ తేడానే ఇప్పుడు మా పట్టికల్లో ప్రతి అంకె పక్కనా ప్లస్-మైనస్‌గా వేస్తున్నాం. కొత్త పేపర్లో ఆయనకు కృతజ్ఞతలు చెప్పొచ్చా అని రాసి అడిగాను. పేరు వద్దన్నారు, పేపర్ వచ్చాక ఒక కాపీ పంపమన్నారు.